బొట్టు పెట్టని క్యాసెట్

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గుమ్మం దగ్గర ఎండ పడుతోంది, చాప ఇటు లాక్కోండి. చేతిలో పనుంటే పక్కన పెట్టక్కర్లేదు, చేసుకుంటూనే వినొచ్చు. మిరపకాయల తొడిమలు తీస్తూ మా ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఈ కథ నేను ఎన్నోసార్లు చెప్పాను. కానీ సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు చెబుతున్నాను.

మా ఆడపడుచు గురించి. మా ఊళ్లోగానీ, చుట్టుపక్కలగానీ టీవీలో కూర్చుని ఊరి వార్తలు చదివిన మొదటి మనిషి ఆమే. ఆడవాళ్లలో మొదటిదని కాదు, మగవాళ్లలోనూ అంతకు ముందు ఎవరూ లేరు. ఇప్పటికీ ఆమె మాటెత్తితే ఎవరో ఒకరు మూతి తిప్పి, "ఆ, రైతు క్యాసెట్ అమ్ముకున్న మనిషేగా" అంటారు. ఆమె అమ్ముకోలేదు. ఆ క్యాసెట్ ఏమైందో నాకు తెలుసు. అది పోయింది నా చేతి మీదుగానే.

మాది వినుకొండ నుంచి ఒంగోలు వెళ్లే దారిలో ఒక ఊరు. నల్లరేగడి, పత్తి, మిరప. నేను కాపరానికి వచ్చిన కొన్నేళ్లకు మా ఆయన కేబుల్ టీవీ పెట్టాడు. డాబా మీద పెద్ద డిష్షు గొడుగు, మేడగదిలో మిషన్లు, వీధి వీధికీ వైర్లు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఇంకొకతను కూడా కేబుల్ పెట్టి మా కనెక్షన్లు లాగేసుకోవటం మొదలుపెట్టాడు. మా ఆయన మొహం మాడ్చుకుని తిరుగుతుంటే, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న మా ఆడపడుచు ఒక పొద్దున అన్నతో అంది.

"అన్నయ్యా, సినిమాలు వాడూ వేస్తాడు. మన ఊరి వార్తలు మనం వేద్దాం. అది వాడికి చేతకాదు."

"ఎవరు చదువుతారే?"

"నేను చదువుతా."

"నువ్వా. చీపురు పట్టమంటేనే నడుం నొప్పంటావు."

"వార్తలకి చీపురెందుకు అన్నయ్యా," అంది.

అలా మొదలైంది. మేడగదిలో ఒక బల్ల వేశారు. వెనక గోడ పెచ్చులూడి ఉందని నా పెళ్లి పట్టుచీర తీసి మేకులకు కట్టారు. మొదటి రోజు వార్తలు అయిపోగానే ఎదురింటావిడ మెట్లెక్కి వచ్చి, "చదవటం బాగుంది గానీ, ఆ అంచు మీ పుట్టింటోళ్లు పెట్టిన చీరదేగా" అని అడిగింది. ఫ్యాను వేస్తే చప్పుడు రికార్డవుతుందని ఆపేసేవాళ్లు. రెండు ట్యూబులైట్ల కింద ఆ పిల్ల చెమటలు కక్కుతుంటే, పేజీ తిప్పే సందులో నేను తువ్వాలు అందించేదాన్ని. ఆ పిల్ల కట్టుకునే చీర బల్ల పైకి కనిపించే మేర మాత్రమే ఇస్త్రీ చేసేదాన్ని. మా కుక్కర్ కూత ఎన్నిసార్లు వార్తల్లో వినిపించిందో లెక్కలేదు. సాయంత్రం ఆరింటికి రికార్డు చేసి ఏడున్నరకి వేసేవాళ్లు.

ఏ వీధికి ఏ పూట నీళ్లు వస్తాయో, గుంటూరు యార్డులో మిర్చి ఎంత పలికిందో, దర్శి పోయే బస్సు ఎందుకు రాలేదో, ఎవరి గేదె తప్పిపోయిందో చెప్పేది. నవ్వుతారేమో. కానీ అప్పటిదాకా మా టీవీల్లో ఢిల్లీ కనిపించేది గానీ మా మురుగుకాలవ కనిపించలేదు. ఆమె చూపించింది. చూపించిన మూడో రోజున మనుషులొచ్చి ఆ కాలవ తీశారు. అప్పటి నుంచి జనానికి ఒక నమ్మకం కుదిరింది. "ఆ పిల్లకి చెప్పు, జరుగుద్ది" అనేవాళ్లు. పొద్దున్నే మా అరుగు మీద ఊళ్ల నుంచి వచ్చిన మనుషులు కూర్చుని ఉండేవాళ్లు. నేను వాళ్లకి మజ్జిగ ఇచ్చేదాన్ని.

కెమెరా పట్టింది మా వీధిలోనే ఉండే ఒక సాయిబు. ఆయన అసలు పని పెళ్లిళ్లకు వీడియో తీయటం. అందుకని ఆషాఢంలో, మూఢాల్లో మా ఊళ్లో వార్తలు ఎక్కువ, ముహూర్తాలున్న నెలల్లో వార్తలు తక్కువ. ఇది చూసి ఆమెకి ఒళ్లు మండి, "ముహూర్తాన్ని బట్టి కాలవ పొంగదు కదా బాబాయ్" అని ఆయన దగ్గరే కెమెరా నేర్చుకుంది. ఆ తర్వాత తనే మోపెడ్ మీద కెమెరా సంచీ కట్టుకుని వెళ్లేది. ఆడపిల్ల ఒక్కతే చేల వెంట తిరుగుతోందని మా అత్తగారిని అడగని మనిషి లేడు. "మీ పిల్లలు తిరగనిచోటికి మా పిల్ల పోదులే" అని ఆవిడ జవాబు చెప్పేది. ఆ జవాబుకి అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగినవాళ్లకీ తెలియలేదు, నోరు మూసుకుని పోయేవాళ్లు.

ఇప్పుడు క్యాసెట్ల సంగతి చెప్పాలి. అది సరిగ్గా వినండి.

మాకు ఉన్నవి కొద్ది క్యాసెట్లు. ఇవాళ వార్తలు వేసిన దాని మీదే రేపో ఎల్లుండో మళ్లీ రికార్డు చేసేవాళ్లు. పాతది చెరిగిపోయేది. ఆ మేడగదిలోనే జనాల పెళ్లి క్యాసెట్లు కూడా ఉండేవి, అడిగితే వాళ్లకోసం కేబుల్లో వేయటానికి. వాటిని చెరపకూడదు. కాగితాలు అంటించి పేర్లు రాస్తే మేడ వేడికి ఊడి కింద పడేవి. నేను చదివింది మూడో తరగతి, కూడబలుక్కుంటే తప్ప చదవలేను. మధ్యాహ్నం పూట క్యాసెట్లు తుడిచి, వెనక్కి తిప్పి, ఖాళీవి వేరే పెట్టే పని నాది. ఒకసారి పెళ్లివాళ్లు వాళ్ల క్యాసెట్‌కి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి తెచ్చారు. మన వైపు ఇంట్లోకి బీరువా వచ్చినా, స్కూటరు వచ్చినా బొట్టు పెడతాం కదా, అలాగన్నమాట. అది చూసి నాకు తోచింది. దాచాల్సిన ప్రతి క్యాసెట్‌కీ బొట్టు పెట్టటం మొదలుపెట్టాను. బొట్టు ఉంటే ముట్టుకోకూడదు, లేకపోతే రికార్డు చేసుకోవచ్చు. మా ఆయన మెచ్చుకున్నాడు. "నీకు చదువు రాకపోవటం మంచిదయిందే" అన్నాడు. కాలేదు.

ఆ ఏడాది పత్తి పోయింది. పచ్చపురుగు. ఏ మందు కొట్టినా చావలేదు. మా ఊరికి నాలుగు మైళ్ల దూరంలో ఒక రైతు కబురు పంపితే ఆమె వెళ్లి తీసుకొచ్చింది. నేను ఆ సాయంత్రం అందరితోపాటు టీవీలో చూశాను. నడివయసు మనిషి, బక్కగా ఉన్నాడు. సాలులో నిలబడి ఒక పురుగుమందు డబ్బా పైకెత్తి దాని మీద నంబరు చూపించాడు. మందు కొన్న కొట్టు ముద్ర ఉన్న చీటీ చూపించాడు. కొట్టు ఎవరిదో నోటితో చెప్పాడు. ఆ తర్వాత డబ్బా మూతలో మందు పోసి, కాయ మీది పురుగుని తీసి అందులో వేశాడు. పురుగు ఈదింది. ఈదుకుంటూ మూత అంచు పట్టుకుని పైకి ఎక్కింది.

"చూడమ్మా, స్నానం చేసి వచ్చింది," అన్నాడు ఆ మనిషి. చూస్తున్న మేమందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

తర్వాత మూడు రోజులకి ఆయన పురుగుల మందు తాగి చనిపోయాడు.

పరామర్శకని కొట్టువాళ్ల మనుషులు అరటిపళ్లు పట్టుకుని వెళ్లారు. వాళ్లు వెళ్లిపోయాక చూస్తే చూరు కింద ఉండాల్సిన డబ్బాలు లేవు, చీటీ లేదు. కొట్టాయన బజార్లో నిలబడి, "నా మందు నకిలీదైతే తాగినవాడు ఎట్టా చచ్చాడు?" అన్నాడు. ఆ మాట తెలివైన మాటని ఊరు చెప్పుకుంది. తాగింది వేరే కొట్టు మందు, ఇంట్లో ఎప్పటిదో పాత డబ్బా అని భార్య నెత్తీనోరూ కొట్టుకుంటే వినేవాళ్లు లేరు. సోమవారం విచారణకి అధికారి వస్తున్నాడన్నారు. ఆ మనిషి భార్య మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, మా ఆడపడుచు చేతులు పట్టుకుంది.

"ఇంకేమీ మిగల్లేదమ్మా. నీ దగ్గరున్నదే మిగిలింది."

"నా దగ్గర భద్రంగా ఉంది పిన్నీ. సోమవారం నేనే తెచ్చి చూపిస్తా," అంది ఈమె.

ఆ క్యాసెట్‌ని తన బట్టల పెట్టెలో దాచుకుంది. ఇంకో కాపీ తీద్దామంటే రెండో మిషను రిపేరుకి పోయింది. శుక్రవారం పొద్దున డబ్బా మీది నంబరు కాగితం మీద ఎక్కించుకోవటానికి క్యాసెట్ బయటికి తీసింది. ఆ కాగితం పట్టుకుని ఒంగోలులో ఒక వకీలుని కలవాలని బస్సుకి పరుగు. వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర క్యాసెట్ నా చేతిలో పెట్టింది.

"వదినా, దీనికి బొట్టు పెట్టి బొట్టు క్యాసెట్లలో పెట్టెయ్. మరిచిపోమాక."

"సర్లే, పో, బస్సు పోద్ది," అన్నాను.

తలంటు పోసుకుని, పూజ చేసుకుని, పసుపు కుంకుమల పళ్లెం చేతిలోనే ఉంది. మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా చెప్పుకునేదాన్ని. వేలు పసుపులో ముంచాను కూడా. అప్పుడు ఆ మనిషి మొహం గుర్తొచ్చింది. పదకొండో రోజు కూడా కాలేదు. అక్కడ ఆయన భార్య బొట్టు ఇంకా తీయలేదేమో, ఇక్కడ నేను శుక్రవారం పూట, ముత్తైదువ చేత్తో, చచ్చిపోయిన మనిషి ఉన్న వస్తువుకి పసుపు కుంకుమ పెట్టటమా అని చేయి రాలేదు. ఇంట్లో మగవాళ్లున్నారు, పిల్లలున్నారు. పెట్టలేదు. మేడగదిలో ఒక గూట్లో దాన్ని ఒంటరిగా, నిలువుగా పెట్టాను. విడిగా ఉంటే తెలీదా అనుకున్నాను. మా ఆయనకి చెబుదామనుకున్నాను. సాయంత్రం పక్క వీధిలో పేరంటానికి పిలుపొస్తే వెళ్లాను.

నేను పేరంటంలో బొట్టు పెట్టించుకుంటున్నప్పుడు మా ఆయన మేడెక్కాడు. రైసుమిల్లు వాళ్ల పిల్లకి ఓణీల వేడుక, సాయిబు దగ్గర క్యాసెట్ అయిపోయింది, ఇంకొకటి అర్జెంటుగా కావాలన్నారట. గూట్లో బొట్టు లేని క్యాసెట్ ఒకటి కనిపించింది. తీసి ఇచ్చాడు. ఆయన తప్పు లేదు. నేను పెట్టిన రూలే అది.

శనివారం ఆమె వచ్చి అడిగింది. గూడు ఖాళీగా ఉంది. ఆ క్యాసెట్ అప్పటికి ఓణీల వేడుకై తిరిగొచ్చి, బొట్టు పెట్టించుకుని బొట్టు క్యాసెట్ల వరసలో ఉంది. గూట్లోది ఓణీల వేడుకకి ఇచ్చానని చెప్పి మా ఆయన వైర్లు సరిచేయటానికి బయటికి వెళ్లాడు. ఆమే, నేనూ మిషనులో పెట్టి చూశాం. కుర్చీలో ఓణీ వేసుకున్న పిల్ల. అక్షింతలు. ఫొటోలు. భోజనాల బంతి. ఆమె బొత్తాం నొక్కి పట్టుకుని ముందుకి తిప్పుతూనే ఉంది, జనం గబగబా తింటున్నారు, గబగబా లేస్తున్నారు. విస్తళ్ల దగ్గర వేడుక అయిపోయింది. తెర మీద గీతలు పడ్డాయి. గీతల తర్వాత చేను కనిపించింది.

కెమెరా ఆపటం మరిచిపోయినట్టుంది, నేల కనిపిస్తోంది, ఆయన కాళ్లు, పత్తి మొదళ్లు. ఆయన గొంతు వినిపించింది. "సాయంత్రం టీవీలో వేశాక ఇది పోద్దా అమ్మా?"

ఈమె గొంతు. "పోదు బాబాయ్. దాస్తాను."

అంతే. తర్వాత ఖాళీ.

ఆమె మిషను ఆపింది. తర్వాత మెల్లిగా అడిగింది. "బొట్టు పెట్టలేదా వదినా?"

"చచ్చిన మనిషిది గదా," అన్నాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. "అన్నయ్యకి చెప్పమాక," అంది. "ఎవరికీ చెప్పమాక. చదువుకున్నదాన్ని నేను. బొట్టు మీద వదిలేసి పోయింది నేను. చదువురాని వదిన మీద పెట్టి తప్పించుకుందని నన్ను అనటం నాకిష్టం లేదు."

నేను సరేనన్నాను. అంత తేలిగ్గా సరేనన్నాను.

సోమవారం పొద్దున ఆ ఇల్లాలు తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె నుదుట బొట్టు లేదు. ఈమె అరుగు మీదికి వెళ్లి నిలబడే చెప్పింది.

"పిన్నీ, క్యాసెట్ చెరిగిపోయింది."

"ఎవరు చెరిపారు?"

"నేనే. తప్పు నాది."

ఆ తమ్ముడు ముందుకొచ్చాడు. "ఏడున్నరకి వార్తలయ్యాక ఆ కొట్టోడి ప్రకటన ఇంకా వస్తానే ఉందిగా. ఎంతకమ్మా అమ్మావు?"

ప్రకటన వస్తున్నమాట నిజమే. ఏడాదికి మాట్లాడుకున్నది, మా ఆయన ఆపలేదు. ఆమె "తప్పు నాది" అనే మళ్లీ అంది. నేను తలుపు వెనకే ఉన్నాను. తలుపుకీ వాళ్లకీ మధ్య ఐదడుగుల దూరం ఉండదు. ఒక్క అడుగు బయటికి వేస్తే సరిపోయేది. వేయలేదు. మజ్జిగ గ్లాసులు చేతిలో ఉన్నాయి, అవి కూడా ఇవ్వలేదు.

ఆమె ఆగలేదు. విచారణకి తనే వెళ్లింది. నంబరు రాసుకున్న కాగితం చూపిస్తే, అది నువ్వు రాసుకున్నదేగా అన్నారు. చూసినవాళ్లని సాక్ష్యం చెప్పమని ఊరంతా తిరిగింది. పురుగు మందులో ఈదుతుంటే నవ్విన ఊరు. "ఆ రోజు మా వీధిలో కరెంటు లేదమ్మా" అన్నారు. కరెంటు ఉన్నవాళ్లు ఆ సమయానికి పాలు పిండుతున్నారు. పాలు పిండనివాళ్లు కొత్తపట్నం సముద్రస్నానానికి వెళ్లారు, కార్తీకం కాకపోయినా. ఎదురింటావిడ, నా చీర అంచు గుర్తుపట్టిన మనిషి, "ఏమో, నాకు కళ్లు సరిగా ఆనవు" అంది.

కొట్టాయన మీద ఏమీ తేలలేదు. ఆ ఇల్లాలికి ఏమీ రాలేదు. పొలం పోయింది.

ఆమె ఇంకో ఏడాది వార్తలు చదివింది. బజార్లో వెళ్తుంటే వెనక నుంచి "ఎంతకమ్మా" అని కేకేసేవాళ్లు. అవి ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఇంకొకటి. ఊళ్లకి వెళ్లి మైకు పెడితే మనుషులు నోరు విప్పటం మానేశారు. "నువ్వు తీసుకుపోయి ఎవరికి ఇస్తావో" అని మొహం మీదే అన్నారు. అరుగు మీద పొద్దున్నే కూర్చునే మనుషులు రావటం మానేశారు. నేను మజ్జిగ చిలకటం తగ్గించాను. నీళ్ల సమయాలు, గేదెలు, యార్డు ధరలు మిగిలాయి. ఒక రోజు వార్తలయ్యాక గోడ మీది నా చీర విప్పి, మడత పెట్టి, తెచ్చి నాకిచ్చింది. "అంచు పాడవలేదు వదినా," అంది. మళ్లీ మేడెక్కలేదు. ఒక ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పుకుంది. పెళ్లి మాటలు రెండు మూడు వచ్చాయి, వచ్చిన దారినే పోయాయి. ఎనిమిదేళ్ల తర్వాత కిడ్నీల జబ్బు చేసి పోయింది.

అప్పటికి పెద్ద న్యూస్ చానళ్లు వచ్చేశాయి. మండలానికో విలేకరి, చేతిలో మైకు. ఆమె పోయిన రోజు ఇద్దరు ముగ్గురు మా గుమ్మంలోకి వచ్చారు. "మా అందరికంటే ముందు ఆవిడేనంటగా అమ్మా, పాత వీడియో ఒక్కటైనా ఇవ్వండి" అన్నారు. మేడగదిలో పెట్టె తీశాను. నిండా క్యాసెట్లు, అన్నిటికీ బొట్లు. ఊళ్లో ఎవరెవరి పెళ్లిళ్లో, ఎవరెవరి గృహప్రవేశాలో. ఆమెది ఒక్కటీ లేదు. ఆమె వార్తలకి ఎవరం బొట్టు పెట్టలేదు. అన్నీ మర్నాడే చెరిపేసుకున్నాం. ఫొటో ఒకటి ఇచ్చి పంపాను. ఆ ఓణీల క్యాసెట్ మాత్రం ఇవ్వలేదు.

పెద్దకర్మ అయ్యాక దాన్ని కొంగులో చుట్టుకుని ఆ ఇల్లాలి ఊరికి ఆటోలో వెళ్లాను. ఎవరిదో కళ్లంలో మిరపకాయల్లో రంగు పోయిన తాలు ఏరే పనిలో ఉంది. ఘాటుకి మూతికి గుడ్డ కట్టుకుని ఉంది. ఆమె పక్కన కూర్చుని, నేను కూడా కాయలు ఏరుతూ, మొత్తం చెప్పాను. శుక్రవారం దగ్గర నుంచి తలుపు వెనక దాకా.

ఆమె చేతులు ఆపలేదు. అంతా విన్నాక గుడ్డ కిందికి లాగి, "ఇందులో ఆయన గొంతుందా?" అని అడిగింది.

"ఒక్క మాట ఉంది."

"ఏం మాట?"

"ఇది పోద్దా అమ్మా, అని అడిగాడు."

క్యాసెట్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అప్పుడంది. "మా ఆయన మాటకి బొట్టు పెట్టటానికి నీకు చెయ్యి రాలేదు. ఆ పిల్లని ఊరంతా ఊస్తుంటే నోరూ రాలేదు. నీకేం వచ్చమ్మా?"

నేను ఇంకో గుప్పెడు కాయలు ముందుకి లాక్కున్నాను.

"నేనూ ఊశాను ఆ పిల్లని," అంది. "ఆ పాపంలో కూడా నీకు వాటా ఉంది. నాకు చెబితే ఏం లాభం, మీ ఊళ్లో చెప్పు." గుడ్డ మళ్లీ మూతికి కట్టుకుంది. మంచినీళ్లు తాగుతావా అని అడగలేదు. మా వైపు దగ్గరికొచ్చిన మనిషిని ఆ మాట అడగకుండా పంపరు.

ఊళ్లో చెప్పటానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. ఈమధ్య ఒకరిద్దరితో మొదలుపెడితే, "పోయినదాన్ని వెనకేసుకొస్తోంది" అన్నారు. అందుకే మీకు చెబుతూనే కాగితం మీద కూడా పెట్టిస్తున్నాను. రాసిన కాగితం మీద మళ్లీ రాయరు కదా, చెరిగిపోదని. మా ఆడపడుచు ఏ క్యాసెట్టూ అమ్ముకోలేదు. చెరిపింది నేను.

విన్నారు కదా, ఇక లేవండి, పొద్దు వాలుతోంది. మీ గడపకి పసుపు ఆరకుండా ఉండాలి. మీ ఇంటి ఆడపిల్ల ఇచ్చిన మాటని కాపాడే చేయి మీ ఇంట్లో ఒకటి ఉండాలి. ఆమె మీద నింద పడ్డ పూట, తలుపు వెనక నుంచి ఐదడుగులు బయటికి నడిచి వచ్చే మనిషి మీలో ఒక్కరైనా ఉండాలి. మీ పిల్లాపాపలతో, మీ పాడీపంటలతో మీ ఇల్లు చల్లగా ఉండాలి.